పదో పేరు

ముందు గదిలోంచి రెండు చప్పుళ్ళు వచ్చాయి. మంచం పట్టె మీద చెక్క దిమ్మెతో టక్, టక్. ఒకటంటే పక్కకు తిప్పమని, రెండంటే మంచినీళ్ళని, మూడంటే ఊరికే ఎవరైనా వచ్చి కూర్చోమని. వంటింట్లో గంజి కలుపుతున్న గంటాయన భార్య ఉండరా వస్తున్నానంటూ గరిటె వేగం పెంచింది.

గంటాయన మాత్రం కదల్లేదు. కిటికీ దగ్గర నిలబడి స్టాప్‌వాచీకి కీ ఇస్తున్నాడు. పందొమ్మిది చుట్లు. ఇరవయ్యో చుట్టు తిప్పితే స్ప్రింగు బిగుసుకుంటుంది, పద్దెనిమిదితో ఆపితే సాయంత్రానికి నీరసపడుతుంది. లెక్క పూర్తయ్యాక వాచీని చెవికి ఆనించి విని, చొక్కా జేబులో వేసి, జేబుకు పిన్నీసు పెట్టుకుని, అప్పుడు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. చేసే పని మధ్యలో వదిలి వెళ్ళే మనిషి కాదు. ప్రపంచంలో సగం దరిద్రం పని మధ్యలో వదిలేసేవాళ్ళ వల్లే వచ్చిందని ఆయన నమ్మకం. మిగతా సగం ఆలస్యంగా వచ్చేవాళ్ళ వల్ల.

ఆయన్ని అసలు పేరుతో ఎవరైనా పిలిచి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. నలభై ఒక్క ఏళ్ళుగా బాక్సింగ్ హాల్లో గంట కొడుతున్నాడు కనక గంటాయన. పోటీ ఉన్న రోజు రింగు పక్కన చిన్న బల్ల ముందు కూర్చుని, ఎడమ చేతిలో వాచీ పట్టుకుని, మూడు నిమిషాలకు ఒక గంట, నిమిషం విరామం అయ్యాక మళ్ళీ ఒక గంట. పోటీ లేని రోజు హాలు ఊడ్చేదీ, రింగు తాళ్ళు బిగించేదీ, కాన్వాసు మీది నెత్తురు మరకలు తుడిచేదీ కూడా ఆయనే. అరవై ఏడేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని ఉంటాడు. గంట తాడు లాగి లాగి కుడి భుజం ఎడమ దానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. కింది పెదవి ఎప్పుడూ కాస్త ముందుకు వచ్చి ఉంటుంది, ఎదుటివాడు నోరు తెరవకముందే వాడి మాట నచ్చలేదన్నట్టు.

మంచం మీద ఉన్నది ఆయన భార్య తమ్ముడు. ఒకప్పుడు అదే హాల్లో ఎడమ చేత్తో ఎద్దుల్లాంటి వాళ్ళను పడగొట్టాడు. అందుకే అందరూ ఎడంచెయ్యి అనేవారు. ఇప్పుడు గుండె అరిగిపోయి, కాళ్ళు నీరు పట్టి, గొంతు పైకి రాక, ఏడు నెలలుగా ఆ మంచం మీదే ఉన్నాడు. కుడి కన్ను ముప్పై నాలుగేళ్ళ కిందటే పోయింది. ఒళ్ళంతా కరిగిపోయినా చేతులు మాత్రం అంతే ఉన్నాయి, ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు గుమ్మంలో పట్టక వదిలేసి పోయిన బీరువాల్లాగా. పిలవడానికి గొంతు చాలడం లేదని చెక్క దిమ్మె తెచ్చి చేతికిచ్చింది గంటాయనే. రౌండు ముగియడానికి పది సెకన్లు ఉందనగా బల్ల మీద మూడుసార్లు కొట్టి హెచ్చరించే దిమ్మె అది. హాల్లోకి కొత్తది వచ్చాక పాతది ఇంట్లో అటక మీద పడి ఉండేది.

గంజి తాగించేటప్పుడు బావమరిదే ఆ సంగతి ఎత్తాడు.

"బోర్డు ఇవాళేగా బావా?"

"ఆఁ."

"పదిమందేనా?"

"పదిమందే. పదకొండోవాడికి చెక్క చాల్లేదట."

హాలు కట్టి అరవై ఏళ్ళయిన సందర్భంగా అక్కడ కొట్లాడినవాళ్ళలో అందరికంటే గొప్పవాళ్ళు పదిమందిని ఎంచి, వరసగా పేర్లు రాసి గోడకు ఎక్కిస్తున్నారు. పైన 'సర్వకాలాల మహాబాక్సర్లు' అని మకుటం. సర్వకాలాలూ కలిపితే అరవై ఏళ్ళే. అంతకు ముందు కాలం పుట్టలేదని సెక్రటరీ ఉద్దేశం కాబోలు. ఆ దద్దమ్మలు రాసే జాబితాలో లేకపోవడమే మర్యాద అన్నాడు గంటాయన, చెంచాతో బావమరిది గడ్డం మీద కారిన గంజి తీస్తూ.

బావమరిది నోట్లోని గంజి మింగాడు. తర్వాత ఒంటి కన్ను పైకప్పు మీద పెట్టి, "నాకా మర్యాద వద్దు బావా," అన్నాడు. "పదోవాణ్ణయినా చాలు. అడుగున ఉన్నా పేరు పేరే కదా."

గంటాయన గిన్నె కింద పెట్టాడు. కన్ను పోయినప్పుడు కూడా ఆ మనిషి ఇది కావాలని అడగలేదు. ముప్పై ఏళ్ళు మార్కెట్టులో బస్తాలు మోశాడు, పెళ్ళి వద్దన్నాడు, అక్క పెట్టింది తిన్నాడు. ఇప్పుడు చివరికి అడిగింది ఒక పెయింటరు గీసే నాలుగు అక్షరాలు. గంటాయనకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. బోర్డు మీద, సెక్రటరీ మీద, అన్నిటికంటే ముందు తన మీద. ఆ పేరు ఆ బోర్డు మీద ఎందుకు లేదో ఈ భూమ్మీద తెలిసినవాడు తనొక్కడే.

హాలుకు ఎదురుగా సెలూన్. రోజూ ఎనిమిదింటికి గడ్డం అక్కడే గీయించుకుంటాడు. సెలూన్ వాళ్ళమీద ప్రేమ ఏమీ లేదు, చెయ్యి వణుకుతుంది కనక. అక్కడ అద్దం మీద సబ్బు ముక్కతో పదిమంది గొప్ప బాక్సర్ల పేర్లు రాసి ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా రోజూ ఎవరో ఒకరు వచ్చి ఒకణ్ణి చెరిపి ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. బతికున్నంత కాలం ఎనిమిదిలో ఉన్నవాడు పోయిన మర్నాడు నాలుగులో ఉంటాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా! దినం అయ్యాక మళ్ళీ ఎనిమిదిలోకి దిగుతాడు. ఆ పేర్ల మధ్య ఖాళీల్లోంచే జనం తమ మొహాలు చూసుకుని క్రాపు దువ్వుకోవాలి.

ఈ ఎంపికలు చేసే మహానుభావుల్లో దెబ్బ తిన్నవాడు ఒక్కడూ లేడు. సెలూన్ ఆయనకు నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అది గడ్డం గీయించుకునేవాళ్ళకు మంచిదే అనుకోండి. పక్క షాపు దర్జీ జీవితంలో తిన్న పెద్ద దెబ్బ వేలికి సూది గుచ్చుకోవడం. కాని ఇద్దరూ గాల్లోకి గుద్దులు విసురుతూ ఎవడి కుడి చెయ్యి గొప్పదో, ఎవడి దవడ మెత్తనో తేలుస్తారు. తా దూర కంత లేదు, మెడకో డోలు.

గంటాయనకు తన సొంత వరస ఒకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు, చెప్పినా అర్థం చేసుకునే మొహాలు కావు. నిలబడి ఉన్నంత సేపు అందరూ మగాళ్ళే. విరామంలో స్టూలు మీద కూర్చునే ఆ ఒక్క నిమిషంలో తెలుస్తుంది ఎవడేమిటో. ఒకడు పోయిన రౌండు గురించి సాకులు చెబుతాడు, ఒకడు జనంలో పెళ్ళాన్ని వెతుక్కుంటాడు, ఒకడు నీళ్ళు ఎక్కువ తాగుతాడు. నలభై ఒక్క ఏళ్ళలో ఆయన చూసినవాళ్ళలో స్టూలు మీద మనిషిలా కూర్చున్నది ఒక్కడే. అరచేతులు మోకాళ్ళ మీద పెట్టి, నేల చూసుకుంటూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ. ఆ ఒక్కడికీ ఇందాకే గంజి తాగించి వచ్చాడు.

సెలూన్ ఆయన కత్తి గొంతు మీద పెట్టేసరికి దర్జీ మొదలెట్టాడు. సాయంత్రం ఎక్కే బోర్డులో మొదటి పేరు సమ్మెటదట. సమ్మెట ఈ హాల్లో మొదలై, పెద్ద పెద్ద చోట్ల గెలిచి, గోడల మీద బొమ్మలు వేయించుకున్నవాడు. దర్జీకి వాడంటే పడదు. దర్జీ లెక్కలో వాడు మూడోవాడు.

"వాడు మొదటోడెలా అవుతాడు చెప్పు," అన్నాడు దర్జీ. "ఎడంచెయ్యి కొడితే చాపలా పడుకున్నాడు. గంట మోగింది కాబట్టి బతికాడు. ఆ గంట ఎవరి పుణ్యమో మరి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గంటాయన చెయ్యి జేబులోని వాచీ మీదికి పోయింది. ఆ కదలికకు దవడ కింద కత్తి గీరుకుంది. సెలూన్ ఆయన మొహం తిప్పేసుకుని దూది అందించాడు. గంటాయన దూది అదుముకుని, అద్దంలో సబ్బు పేర్ల వెనక తన మొహం చూసుకుని, లేచి వచ్చేశాడు. పాపం దర్జీ మామూలు రోజు ఆయన తిట్టే తిట్ల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడు.

హాలు తలుపులు తీసేసరికి పాత తోలు, చెమట, ఫినాయిల్ కలిసిన వాసన కొట్టింది. తూర్పు గోడన ఎత్తుగా ఉన్న నాలుగు కిటికీల్లోంచి ఎండ రింగు మీద పలకలుగా పడింది. గంటాయన చెప్పులు విడిచి, తాళ్ళ మధ్యలోంచి వంగి లోపలికి వెళ్ళి, తడి గుడ్డతో కాన్వాసు మూల నుంచి మూలకు తుడవడం మొదలెట్టాడు. ఒకచోటికి వచ్చేసరికి రోజూ చెయ్యి నెమ్మదిస్తుంది. ఉత్తరం మూలకు రెండడుగుల ఇవతల. కాన్వాసు ఎన్నిసార్లు మార్చినా ఆ చోటు మారలేదు. సమ్మెట పడింది అక్కడే.

నాలుగో రౌండు. ఇంకా పదిహేడు సెకన్లు ఉందనగా ఎడంచెయ్యి కొట్టిన దెబ్బకు సమ్మెట వెల్లకిలా పడ్డాడు. బల్ల ముందున్న గంటాయన సంతోషం ఆపుకోలేక సగం పైకి లేచాడు. లేచినప్పుడు మోకాలు బల్లకు తగిలి, చెక్క దిమ్మె దొర్లి కింద పడిపోయింది. రిఫరీ అంకెలు లెక్కపెడుతున్నాడు, పది అనేలోగా లేవకపోతే ఓడినట్టే. ఒకటి, రెండు. గంటాయన ఎడమ చేతిలో వాచీ, కుడి చెయ్యి బల్ల మీద తడుముతోంది. పది సెకన్లు ఉందనగా ఆ చెయ్యి చప్పుడు చెయ్యాలి. ఏడేళ్ళుగా అలవాటైన చెయ్యి. దిమ్మె దొరకలేదు. రిఫరీ ఏడు అన్నాడు, ముల్లు ఇంకా పది సెకన్లు ఉన్న గీతకు వచ్చింది, చెయ్యి దొరికిందాన్ని పట్టుకుని లాగేసింది. దొరికింది గంట తాడు.

రౌండు ముగిసినట్టే. అప్పటి నియమం అది, గంట మోగితే అంకెలు ఆగిపోతాయి. ఎనిమిది, తొమ్మిది, పది అనే మూడు మాటలు రిఫరీ నోట్లోనే ఉండిపోయాయి. సమ్మెటను ఇద్దరు చంకల కింద పట్టుకుని స్టూలు మీదికి చేర్చి, ముక్కు దగ్గర ఏదో పెట్టి, నెత్తిన బకెట్టు నీళ్ళు కుమ్మరించారు. నిమిషం విరామం వాడికి ప్రాణం పోసింది. ఆ తర్వాతి రౌండులో వాడు ఎడంచెయ్యి కుడి కన్ను చితక్కొట్టి గెలిచాడు. అక్కణ్ణుంచి వాడు సమ్మెట, వీడు బస్తాల కూలీ.

గంట మోగిన మరుక్షణం గంటాయన వాచీ చూశాడు. మూడు నిమిషాలకు పది సెకన్లు తక్కువ. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. బొటనవేలితో మీట నొక్కి ముల్లును సున్నాకు తెచ్చేశాడు. బావమరిది కోసం గంట మార్చి కొడతాడన్న మాట ఎప్పుడు పడుతుందోనని ఆయన ఏళ్ళ తరబడి భయపడ్డాడు. చివరికి మార్చి కొట్టింది బావమరిది నోట మన్ను కొట్టడానికి. ఆ మాట ఒప్పుకుంటే, రోజూ తన చేత తిట్లు తినే ప్రతి ఆలస్యగాడూ నవ్వుతాడు. ఆ నవ్వు ఊహించుకునే ముప్పై నాలుగేళ్ళు గడిపేశాడు. లోకంలో అందరూ దద్దమ్మలేనని గురివింద గింజ రోజూ సెలూన్‌లో కూర్చుని తీర్పులిచ్చింది.

సెక్రటరీ పదకొండింటికి రావలసినవాడు పన్నెండుంబావుకి వచ్చాడు. ఎప్పుడూ పరిగెత్తని కాళ్ళకు పరుగు పందెం బూట్లు, మెడలో ఈల. వెనక పెయింటరు, నల్ల బోర్డు. పసుపు రంగు అక్షరాలు ఎండకు మెరుస్తున్నాయి. మొదట సమ్మెట. అడుగున పదో పేరు సెక్రటరీ మేనమామది. ఆయన రెండు పోటీలు కొట్లాడి రెండూ ఓడి, తర్వాత హాలు పైకప్పుకు రేకులు వేయించినవాడు. రేకులు గట్టివే.

సెక్రటరీ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. దర్జీ లాంటివాళ్ళు నాలుగు మాటలు అంటున్నారని, వాటికి మూత పెట్టడానికి బోర్డు పక్కనే ఈ కాగితం కూడా అద్దంలో బిగించి పెడుతున్నానని చెప్పాడు. ఆ పోటీలో ప్రతి రౌండూ పూర్తిగా మూడు నిమిషాలు జరిగిందని, గంట సరైన సమయానికే మోగిందని, గంట కొట్టిన మనిషిగా ధ్రువీకరిస్తున్నానని అందులో ఉంది. కింద సంతకానికి గీత.

గంటాయన రెండుసార్లు చదివాడు. దవడ మీది దూది తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది అబద్ధం. పది సెకన్లు ముందే కొట్టాను."

సెక్రటరీ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. పెయింటర్ని టీ తాగి రమ్మని పంపి, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. గంటాయన అంతా చెప్పాడు. దిమ్మె దొర్లడం, తాడు, వాచీ, బొటనవేలు. గొంతు ఎక్కడా తడబడలేదు. ముప్పై నాలుగేళ్ళు లోలోపల వల్లించుకున్న పాఠం కదా. ఆ మొదటి పేరు మొదట ఉండాల్సింది కాదని చెప్పాడు.

సెక్రటరీ విని, తల గోక్కుని, "పెద్దాయనా, పది సెకన్లకి ఏం మునిగిపోతుంది చెప్పండి?" అన్నాడు.

ఈ ప్రశ్నకు గంటాయన దగ్గర నలభై ఒక్క ఏళ్ళుగా సిద్ధంగా ఉన్న జవాబు ఉంది. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన కుర్ర బాక్సర్లందరూ కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడి విన్న జవాబు. అది నాలుక చివర దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. సెక్రటరీ ఈలోగా లెక్కలు వేస్తున్నాడు. సమ్మెట నాలుగింటికి వస్తున్నాడు, పేపర్లవాళ్ళు వస్తున్నారు, మొదటి పేరు కదిలిస్తే బోర్డే ఉండదు. ఈ మాట బయటికి పోతే హాలు పరువుతో పాటు గంటాయన పరువూ పోతుంది. అయితే మొదటి పేరు ముట్టుకోకుండా, అడుగున మాత్రం ఏమైనా చెయ్యొచ్చు.

"మీ బావమరిది పేరు పదోది రాయిస్తా," అన్నాడు. "మా మామయ్య ఎటూ పోయాడు, ఆయనేం అనుకోడు. మీరు సంతకం పెట్టండి, అంతే."

సంతలో పాత చెప్పులు బేరమాడినట్టు ఎంత తేలిగ్గా అడిగాడు! ఛీ అని కాగితం మొహాన కొట్టాల్సిన మాట. కాని గంటాయనకు పొద్దున పైకప్పు మీద నిలిచిన ఒంటి కన్ను గుర్తొచ్చింది. పదోవాణ్ణయినా చాలు అన్నాడు వాడు. నిజం అడగలేదు, పేరు అడిగాడు. ఈ మాట తనకు తాను రెండోసారి చెప్పుకునేసరికి కలం చేతిలో ఉంది.

సంతకం పెట్టాడు. పెయింటరు వచ్చాక నిచ్చెన కదలకుండా పట్టుకుంది కూడా ఆయనే. మేనమామ పేరు మీద నల్లరంగు పూసి, ఆరాక, పసుపు రంగుతో కొత్త పేరు రాశాడు పెయింటరు. చివరి అక్షరానికి తలకట్టు మర్చిపోతే గంటాయన గదమాయించి పెట్టించాడు. అక్షరం సరిగ్గా ఉందో లేదో చూడబోతే బొటనవేలికి రంగు అంటింది.

సమ్మెట నాలుగింటికి వస్తానని నాలుగూ ఇరవైకి వచ్చాడు. ఇప్పుడు మనిషి మూడు మడతల మెడతో, ఊతకర్రతో, మాట మాటకూ ఆగి వెతుక్కుంటూ ఉన్నాడు. తెర తొలగించి, చప్పట్లు కొట్టించుకుని, తానెప్పుడూ వెనక్కి తగ్గలేదని చెప్పాడు. జాబితాలు రాయడంలో తప్ప ఇంకెందులోనూ ముందుండని సెలూన్ ఆయన, దర్జీ ముందు వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఒక గుక్క టీ తాగుతూ సమ్మెట గంట దగ్గరికి వచ్చి, ఇత్తడి మీద అరచేయి ఆనించి, ఈ హాల్లో గంట తనకెప్పుడూ అచ్చొచ్చిందని నవ్వాడు. వాడికేమీ తెలియదు. తెలియనివాణ్ణి ద్వేషించడం కూడా దండగ అనిపించింది గంటాయనకు. ఎవరికీ చెప్పకుండా చెప్పులు వేసుకుని బయటపడ్డాడు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. ఆవిడ పెరట్లో ఆరిన దుప్పట్లు మడత పెడుతోంది. గంటాయన తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పదోవాడివి," అన్నాడు.

దుప్పటి మీది రెండు పెద్ద చేతులూ ఒక్కసారి ముడుచుకుని విచ్చుకున్నాయి. "నిజంగానా? నువ్వు కళ్ళారా చూశావా?"

"నిచ్చెన పట్టుకుంది నేనే. ఇదిగో రంగు."

బావమరిది ఆ బొటనవేలిని రెండు చేతుల్తో పట్టుకుని, ఒంటి కంటి దగ్గరికి తెచ్చుకుని చూశాడు. వాసన చూశాడు. తన వేళ్ళకు కూడా రంగు అంటితే దాన్ని చూసి నవ్వుకున్నాడు. తర్వాత మొత్తం జాబితా చదవమన్నాడు, అడుగు నుంచి పైకి. తొమ్మిదోవాడు సరేనన్నాడు. ఏడోవాడు గ్లవ్స్ వెనక దాక్కునే పిరికిముండావాడు, వాణ్ణి తనకంటే పైన ఎలా పెట్టారన్నాడు. నాలుగోవాడి పేరు వినగానే కాస్త దగ్గి, వాడి కాళ్ళు నాట్యానికి పనికొస్తాయి గాని పోట్లాటకు కాదన్నాడు. గంటాయన కూడా రెండు తిట్లు కలిపాడు. ఏడు నెలల్లో ఆ గదిలో అంత కబురు ఎప్పుడూ సాగలేదు. మొదటి పేరు దగ్గరికి వచ్చేసరికి గంటాయన గొంతు తగ్గింది.

"సమ్మెట."

తిట్టు వస్తుందని చూశాడు. రాలేదు. బావమరిది ఉన్న ఒక్క కన్నూ మూసుకుని, "అది న్యాయమే," అన్నాడు.

"ఏం న్యాయం?"

"న్యాయమే బావా. వాడప్పుడు ఇంకో మూడంకెలు పడుంటే నేనే కదా. కాని టైం అయిపోయింది. టైం అయిపోతే ఎవడేం చేస్తాడు?" ఊపిరి కోసం ఆగాడు. "ఆ గంట ఇంకెవడు కొట్టినా అనుమానపడి చచ్చేవాణ్ణి. కొట్టింది నువ్వు. సెకను అటూ ఇటూ పోనివ్వవు. అందుకే ఇన్నేళ్ళూ ఏడవకుండా బతికేశాను."

గంటాయన కింది పెదవి లోపలికి పోయింది. స్టూలు మీద అలాగే ఉండిపోయాడు. బావమరిది అలసిపోయినట్టు తల పక్కకు వాల్చి, కాసేపు పడుకుంటానని, అక్కకు ఈ కబురు తానే చెబుతానని, అందాకా చెప్పొద్దని అన్నాడు.

గంటాయన పెరట్లోకి వెళ్ళి, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో బొటనవేలు రుద్దుకోవడం మొదలెట్టాడు. రంగు పోయినా రుద్దుతూనే ఉన్నాడు. అందరికంటే పెద్ద దద్దమ్మ ఎవడో ఇన్నాళ్ళకు తేలింది. సెలూన్ అద్దం మీద రాయాల్సింది ఆ పేరే, మొదటి స్థానంలో, ఎవడూ చెరపకుండా. నిజం చెప్పడానికి హాలు దాకా పోయి, అక్కడ అబద్ధానికి సంతకం పెట్టి, ఆ అబద్ధాన్ని బహుమతిలా ఇంటికి మోసుకొచ్చాడు. వాడు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. తన గంట మీద నమ్మకం పెట్టుకుని ముప్పై ఏళ్ళు బస్తాలు మోశాడు. ఇప్పుడు చెబితే ఆ నమ్మకం పోతుంది. చెప్పకపోతే, సర్వకాలాల్లో మొదటివాడు తానేనని తెలియకుండానే పోతాడు.

చెప్పాలి. తిడితే తిట్టనీ, ఆ ఎడం చేత్తో ఒక్కటి ఇచ్చుకోనీ. ఈసారి వాడు దిమ్మె తట్టగానే, ఒకటి తట్టినా మూడు తట్టినా సరే, వెళ్ళి చెప్పేస్తానని నిశ్చయించుకున్నాడు. గుడ్డ పక్కన పెట్టి, పిన్నీసు తీసి, అలవాటు కొద్దీ వాచీ చేతిలోకి తీసుకుని మీట నొక్కాడు. ముల్లు ఒక రౌండు తిరిగింది. విరామం. ఇంకో రౌండు. పక్కింట్లో ఎవరో నీళ్ళు పట్టుకుంటున్నారు. ఆవిడ దుప్పట్లన్నీ మడత పెట్టి, చివరిది భుజాన వేసుకుని నిలబడింది.

"ఏమిటండీ, వీడు ఇంతసేపు తట్టకుండా ఉండడే," అంటూ లోపలికి వెళ్ళింది.

కాసేపటికి ఏమండీ అని ఒక్క పిలుపు వినిపించింది, అరిచినట్టు కాదు, పక్కనున్నవాణ్ణి పిలిచినట్టు. గంటాయన వెళ్ళేసరికి ఆవిడ మంచం అంచున కూర్చుని తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుని ఉంది. వాడి అరచేతులు రెండూ మోకాళ్ళ వైపు చాపి ఉన్నాయి. ఆవిడకు ఏ కబురూ అందలేదు. గంటాయన చేతిలో వాచీ ఇంకా నడుస్తూనే ఉంది. ఆపడం తోచలేదు.

మంచం పట్టె మీద, ఆ ఎడమ చేతికి బెత్తెడు దూరంలో చెక్క దిమ్మె ఉంది. ముప్పై నాలుగేళ్ళ కిందట బల్ల మీంచి పడినప్పుడు విరిగిన మూల అలాగే ఉంది, ఆ మూల పక్కన మాత్రం పొద్దున లేని పసుపు రంగు వేలిముద్రలు నాలుగు, పట్టుకుని ఎత్తినట్టు.